ఆటగాడికి మెట్టినిల్లు ఉంటుందా?

మన తెలుగు మాటల గుంపులో నిన్న ఒక మిత్రుడు పెట్టిన ఫుట్‌బాల్ వ్యాసం బాగుంది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. 2022 ప్రపంచకప్‌లో మొరాకో స్పెయిన్‌ను పెనాల్టీల్లో ఓడించిన సంగతి చెబుతూ "హకీమీ పుట్టినింటి మీద గెలిచి మెట్టినింటి పరువు నిలిపాడు" అన్నారు. అష్రఫ్ హకీమీ మాడ్రిడ్‌లో పుట్టిన మాట నిజమే. రియల్ మాడ్రిడ్ అకాడమీలోనే ఆట నేర్చుకున్నాడు. ఆ రోజు గోల్‌కీపర్ ఒక పక్కకు దూకేస్తుంటే, బంతిని మధ్యలోకి తాపీగా లేపి ఆట ముగించింది కూడా అతనే. కానీ మొరాకో అతనికి మెట్టినిల్లు ఎలా అవుతుంది? మెట్టడమంటే కొత్తచోట అడుగుపెట్టడం. అలా స్పెయిన్‌లో మెట్టినవాళ్ళు అతని అమ్మానాన్నలు. మొరాకో వాళ్ళ సొంత దేశం.

విశాఖలో ఉండి ఈ తేడా మనకు తట్టకపోతే ఎలా? కేజీహెచ్ ఆసుపత్రిలో పుట్టి, గాజువాకలో పెరిగి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి "మీది ఏ ఊరు" అని అడగండి. "మాది నరసన్నపేట" అంటాడు. సంక్రాంతి ముందు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేవాళ్ళలో చాలామంది ఆ జిల్లాలో పుట్టనే లేదు. హకీమీ సొంతూరి తరఫున ఆడాడు, అంతే. అప్పటి మొరాకో జట్టులో 26 మందికి 14 మంది బయటి దేశాల్లో పుట్టినవారే. వాళ్ళందరినీ ఇల్లరికం పంపేద్దామా?

*సీతమ్మధార నుంచి:*
హకీమీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అంతమాత్రాన మాటనే వెలివేయకండి. అదే ప్రపంచకప్‌లో స్విట్జర్లాండ్ తరఫున కామెరూన్ మీద గోల్ చేసిన బ్రీల్ ఎంబోలోను చూడండి. పుట్టింది కామెరూన్ రాజధాని యావుండేలో. తల్లి స్విట్జర్లాండ్ వ్యక్తిని పెళ్ళి చేసుకోవడంతో చిన్నప్పుడే బాసెల్ చేరాడు. తోటి ఆటగాడు షకీరీ అందించిన బంతిని వలలోకి కొట్టాక కేరింతలు లేవు, పరుగులు లేవు. చేతులు పైకెత్తి ఉన్నచోటే నిలబడ్డాడు. తోటివాళ్ళే వచ్చి కౌగలించుకున్నారు. ఆ మ్యాచ్‌లో పడిన గోల్ అదొక్కటే. "పుట్టినింటి మీద గోల్" అని అక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తారు?

*ఎంవీపీ కాలనీ నుంచి:*
పుట్టినిల్లు సరే, మగవాడికి మెట్టినిల్లు అంటే నా చెవికి ఎబ్బెట్టుగానే ఉంది. పాతకాలం ఆటగాళ్ళకైతే "దత్తత" సరిపోతుంది. లూయిస్ మోంటీ 1930 ఫైనల్ అర్జెంటీనాకు ఆడి ఓడిపోయాడు, 1934 ఫైనల్ ఇటలీకి ఆడి గెలిచాడు. పుష్కాష్ హంగరీకి 85 మ్యాచ్‌ల్లో 84 గోల్స్ చేసినవాడు. 1962లో స్పెయిన్ చొక్కా వేసుకుని ప్రపంచకప్ ఆడాడు. ఇక అల్తఫీనీ కథ మన గుంపు కోసమే పుట్టినట్టుంది. 1958లో బ్రెజిల్ జట్టులో అతన్ని అందరూ మజోలా అనేవారు. ఇటలీ ఆటగాడు వాలెంతీనో మజోలా పోలికలున్నాయని పెట్టిన పేరు అది. 1962లో ఇటలీకే ఆడే వేళకు ఆ పేరు వదిలి తన ఇంటిపేరు అల్తఫీనీతోనే దిగాడు. దత్తత వెళితే ఇంటిపేరు పోతుందంటారు. ఇతనికి వెళ్ళాకే దక్కింది.

*మద్దిలపాలెం నుంచి:*
దత్తతకు మనవాడు ఒకడున్నాడు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు ర్యాన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని భారత పౌరసత్వం తీసుకున్నాడు. మన దేశంలో రెండు పౌరసత్వాలు చెల్లవు కాబట్టి గోత్రం మార్చుకోక తప్పలేదు. అయితే అతని తల్లి ముంబైలో పుట్టిన ఆంగ్లో-ఇండియన్. మరి దత్తత అనాలా, అమ్మమ్మగారింటికి వచ్చాడు అనాలా? నా ఓటు రెండోదానికి.

*మొదటి పోస్టు రాసినవారి జవాబు:*
నాదీ అదే ఓటు. ఎంబోలో ఉదాహరణకు కూడా తలవంచుతున్నాను, అక్కడ నిజంగానే ఆ మాట అతికింది. ఒక్క విన్నపం. ఈ సందర్భంలో కొందరు "ఫిరాయించాడు" అని రాస్తున్నారు. ఆ మాటను రాజకీయాలకే వదిలేద్దాం. అరవయ్యో దశకం దాకా దేశం మారడానికి పెద్దగా అడ్డు లేదు, తర్వాత ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా తలుపులు వేసింది. 2020లో మళ్ళీ కొంత తెరిచింది. 21 ఏళ్ళు నిండకముందు మూడుకు మించకుండా పోటీ మ్యాచ్‌లు ఆడినవాడు, ప్రపంచకప్‌లోగానీ ఖండస్థాయి ప్రధాన టోర్నీలోగానీ దిగనివాడు, చివరిసారి ఆడిన మూడేళ్ళ తర్వాత తనకు హక్కున్న మరో దేశానికి వెళ్ళవచ్చు. పందొమ్మిదేళ్ళ వయసులో ఎవరో పిలిస్తే వెళ్ళి రెండు ఆటలు ఆడిన కుర్రవాడు తర్వాత తండ్రి దేశానికి ఆడితే అందులో ఫిరాయింపు ఏముంది?

*గాజువాక నుంచి:*
బోటెంగ్ సోదరుల్ని ఎవరూ తలవలేదేమండీ? కెవిన్-ప్రిన్స్, జెరోమ్ ఇద్దరూ బెర్లిన్‌లోనే పుట్టారు. తండ్రి ఒకరే, ఘనా దేశస్థుడు. తల్లులు వేరు. 2010 ప్రపంచకప్‌లో ఒకరు ఘనాకు, ఒకరు జర్మనీకి ఎదురెదురుగా ఆడారు. 2014లో మళ్ళీ అదే. ఇద్దరికీ పుట్టినిల్లు ఒకటే, సొంతూరూ ఒకటే, మెట్టినిల్లు లేనే లేదు. ఇక్కడ మీ మాటలన్నీ చేతులెత్తేస్తాయి.

*సీతమ్మధార నుంచి:*
ఎందుకు ఎత్తేస్తాయి? ఒకే తండ్రి బిడ్డలు, తలో పక్షం. భారత్, పాకిస్థాన్ క్రికెట్ ఆడినప్పుడల్లా మన పత్రికలు వాడి వాడి అరగదీసిన మాట ఉంది కదా, "దాయాదుల పోరు". ఈ రెండు మ్యాచ్‌లకూ అది అక్షరాలా సరిపోతుంది.