అప్‌డేట్: అమెరికా డీవీడీలు ఆడని సమస్య తీరింది

అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన సినిమా డీవీడీలు కావలిలోని మా ప్లేయర్‌లో ఆడడం లేదని, ఇక డిస్కులు మానేసి అన్నీ డిజిటల్‌గానే కొనాలా అని నెల క్రితం ఇక్కడ అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో ప్లేయర్‌ను చూపించాను. లెన్సులో ఏ లోపమూ లేదు. మెకానిక్ గారు డిస్కు పెట్టె వెనుక భూగోళం బొమ్మలో ఉన్న 1 అంకె చూపించారు. అది అమెరికా రీజియన్, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె. మన దేశానిది 5, అందుకే మా ప్లేయర్ ఆ డిస్కులను ఆడించలేదు. ఇక్కడ ఒకరు ఊహించింది అక్షరాలా ఇదే! లెన్సు శుభ్రం చేయడం, కేబుల్ మార్చడం ఎందుకూ పనికిరాలేదు.

పాత ల్యాప్‌టాప్ డీవీడీ డ్రైవ్‌ను రీజియన్ 1కి మార్చి, టీవీకి కలిపాను. చక్కగా ఆడుతున్నాయి. అయితే జాగ్రత్త: డ్రైవ్‌లో రీజియన్‌ను 5 సార్లే మార్చగలం, ఆ తర్వాత చివరిదే స్థిరపడిపోతుంది. అందుకే దాన్ని అమెరికా డిస్కులకే వదిలేశాను. బ్లూరే అనే మరో రకం డిస్కులకైతే అంకెలు కాదు, అక్షరాలు: అమెరికాకు ఎ, మనకు సి.

డిజిటల్‌గా కొంటే మనకు దక్కేది చూసే అనుమతి మాత్రమే. నాన్నగారికి ఇష్టమైనవి మాత్రం డిస్కులుగానే దాచుకుంటాను, ఈసారి అంకె చూసి మరీ కొంటాను.