డబుల్ గ్లాసు కిటికీ: రెండద్దాల మధ్య ఆవిరి పోయేదెలా?

పటమట వాసి:
మూడో అంతస్తు, పడమటి గది. ఏడేళ్ల నాటి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీ. రెండద్దాల మధ్య ఆవిరి పడుతోంది. ఎండెక్కితే పోతుంది, తెల్లారేసరికి మళ్లీ తయారు. అద్దం మార్చకుండా దారుందా? మారిస్తే ఎంతవుతుంది? ఫ్రేము కూడా తీయాలా?

బ్రాడీపేట 4వ లైను:
మన ఎండలకి ఈ డబుల్ గ్లాసులెందుకండీ అసలు? మా ఇంట్లో వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లం. హాయిగా ఉండేది.

భవానీపురం:
ముందు వేలితో రుద్ది చూడండి. మా ఇంట్లో ఏసీ గాలి నేరుగా అద్దానికి తగిలి బయటివైపు చెమట పట్టేది. అది తెలియక షాపాయనతో పోట్లాడి పరువు పోగొట్టుకున్నా.

పటమట వాసి:
రుద్దానండీ, రెండు వైపులా. మధ్యలోనే అని పైన రాశాగా.

డ్రిల్లు రాజా:
ఇంత చిన్నదానికి టెన్షనా? మూలల్లో రెండు బెజ్జాలు వేసి హెయిర్ డ్రయ్యర్ పెట్టండి. మా బావమరిది ఇంట్లో చేశా. కొత్త అద్దంలా ఉంది.

కిటికీల మేస్త్రి:
బాబూ, ఎవరూ ఆ పని చేయకండి. మూలన టఫెన్డ్, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం అని ముద్ర ఉందేమో చూడండి. ఉంటే డ్రిల్లు పెట్టగానే అద్దం మొత్తం పొడిపొడి. ఆటోనగర్‌లో 19 ఏళ్లుగా ఇదే పని నాది.

డ్రిల్లు రాజా:
19 ఏళ్లుగా అద్దాలు అమ్ముకునేవాళ్లు బెజ్జం వేసుకోమని చెబుతారా?

కిటికీల మేస్త్రి:
మీ బావమరిదిది మామూలు అద్దం, బతికిపోయారు. ఎప్పుడు చేశారు?

డ్రిల్లు రాజా:
మొన్న మార్చిలో.

కిటికీల మేస్త్రి:
వానలు పడనివ్వండి, అప్పుడు మాట్లాడదాం. అద్దాల అంచున అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాని లోపల తేమ పీల్చే గుళికలుంటాయి. పగలు ఎండకి మధ్య గాలి ఉబ్బి, రాత్రికి ముడుచుకుని, ఏళ్లు గడిచేసరికి సీలు వదిలేస్తుంది. ఆ గుళికలు నానిపోయాక డ్రయ్యర్ ఏం చేస్తుంది? ఫ్రేము తీయక్కర్లేదు. బీడింగు, అంటే అద్దాన్ని ఫ్రేములో పట్టి ఉంచే పట్టీ ఊడదీసి అద్దాల జత ఒక్కటే మార్చాలి. మందంతో సహా కొలత ఇవ్వండి, 5-12-5 (అద్దం, మధ్య ఖాళీ, అద్దం) అయితే 22 ఎంఎం. టఫెన్డ్ అయితే తర్వాత కోయడం కుదరదు, కొలత తప్పితే డబ్బులు పోయినట్టే.

సింగ్‌నగర్ అమ్మాయి:
మీది ఆవిరే కదా, అదృష్టవంతులు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా కింది గదిలో రోజుల తరబడి నిలబడ్డాయి. రెండద్దాల మధ్య బురద గీత ఇప్పటికీ ఉంది. వారంటీ కార్డు చూపిస్తే వరదకి వర్తించదన్నారు.

భవానీపురం:
అయ్యో. ప్రభుత్వ సాయం అందిందా మీకు?

కిటికీల మేస్త్రి:
వరద దాకా ఎందుకు? ఫ్రేము కింద నీళ్లు పోయే సన్నటి బెజ్జాలుంటాయి. అవి పూడితే అద్దం అంచు నీళ్లలో నానుతూనే ఉంటుంది. కొత్త అద్దం వేసినా మళ్లీ ఇదే కథ.

పటమట వాసి:
ఇప్పుడే చూశా. పెయింటర్లు పుట్టీతో మూసేశారు! పిన్నీసుతో గీకుతున్నా. ఇంతకీ రేటు ఎవరూ చెప్పలేదు.

భవానీపురం:
బ్రాడీపేట గారూ, ఆ వట్టివేళ్ల తడికలు ఇప్పుడెక్కడ దొరుకుతున్నాయి?