జూన్, జులైలో డ్రిఫ్టర్ వేగాలు ఎక్కువ వస్తున్నాయి: బంగాళాఖాతం

ప్రశ్న (హైదరాబాద్, ఎంటెక్ ప్రాజెక్టు):
15 డిగ్రీల ఉత్తర అక్షాంశం చుట్టుపక్కల ఉపరితల ప్రవాహం ఋతువుల వారీగా ఎలా మారుతుందో లెక్కడుతున్నాను. 6 గంటల డ్రిఫ్టర్ (ప్రవాహంతో కొట్టుకుపోతూ తన స్థానం పంపే తేలే పరికరం) డేటా, 1 డిగ్రీ గళ్లు, నెలవారీ సగటు. తీరం వెంట ఫిబ్రవరి-మే మధ్య ఉత్తరానికి, అక్టోబరు-డిసెంబరులో దక్షిణానికి సరిగ్గానే వచ్చింది. నడిసముద్రంలో మాత్రం జూన్, జులైలో ఈశాన్యానికి వేగం మరీ ఎక్కువ. ఆల్టిమీటర్ (ఉపగ్రహం కొలిచే సముద్రమట్టం) నుంచి లెక్కగట్టిన ప్రవాహాలకంటే సుమారు 10 సెం.మీ./సె. తేడా. ఆర్గో ఫ్లోట్లతో (లోతుకు దిగి పైకొస్తూ నీటిని కొలిచే పరికరాలు) సరిచూడొచ్చా?

జవాబు 1:
ముందు డ్రోగ్ సంగతి చూడు తమ్ముడూ. 15 మీటర్ల లోతున వేలాడే ఆ చిల్లుల గుడ్డ గొట్టం ఉన్నంతసేపే డ్రిఫ్టర్ నీటితో పోతుంది; 10 మీ./సె. గాలిలోనూ జారుడు (నీటికంటే అదనంగా గాలి తోసే వేగం) 1 సెం.మీ./సె. లోపే. గొట్టం తెగితే పైన తేలే బంతిని గాలీ అలలూ నెడతాయి, జారుడు గాలి వేగంలో దాదాపు 1 శాతానికి చేరుతుంది. నైరుతి గాలులప్పుడు నీకొచ్చిన తేడా కూడా అంతే! మెటాడేటాలో ఒక్కో డ్రిఫ్టర్‌కు డ్రోగ్ పోయిన తేదీ ఉంటుంది, ఆ తర్వాతి బిందువులు పక్కన పెట్టు. పాత డ్రిఫ్టర్లలో మునక సెన్సర్ రీడింగ్ కూడా చూడు: గొట్టం లాగుతున్నప్పుడు బంతి తరచూ మునుగుతుంది, తెగాక మునకలు బాగా తగ్గిపోతాయి.

జవాబు 2:
ఒక్క మాట. ఆల్టిమీటర్‌లో ఎక్మన్ భాగం (గాలి నేరుగా నడిపే, ఇక్కడ గాలికి కుడివైపు మళ్లే ప్రవాహం) ఉండదు, కాబట్టి తేడా అంతా తప్పేమీ కాదు. తేడాను గాలి దిశలో ఎంత, గాలికి కుడివైపు ఎంత అని విడదీయండి. ఈశాన్యానికి ఉన్నది ఎక్కువగా జారుడు. ఆగ్నేయానికి ఉన్నది నిజమైన ఎక్మన్ ప్రవాహం, దాన్ని తీసేయకండి.

సగటు తీసేముందు జడత్వ డోలనాలు (భూభ్రమణం వల్ల నీరు గుండ్రంగా తిరిగే కదలికలు) వడకట్టారా? 15 డిగ్రీల దగ్గర వాటి ఆవర్తన కాలం సుమారు 46 గంటలు, 10 డిగ్రీల దగ్గర 69. రోజువారీ సగటుతో అవి పోవు, 5 రోజుల లో-పాస్ (త్వరగా మారే కదలికలను తీసేసే వడపోత) కావాలి. ఇంకోటి, 60 రోజుల్లో 240 బిందువులున్నా అవి స్వతంత్రం కావు. 6 రోజులకొకటి చొప్పున లెక్కేస్తే పదే. విచలనం 20 సెం.మీ./సె. అయితే సగటులో దోషం 1.3 కాదు, 6.3. నెలవారీ సగటుకంటే వార్షిక, అర్ధవార్షిక హార్మోనిక్‌లు (ఏడాదికి, ఆరు నెలలకు ఒక ఆవృత్తి చేసే తరంగాలు) అమర్చడం నయం.

జవాబు 3:
ఆర్గోతో కుదరదు. అది 1000 మీటర్ల దగ్గర ఆగి కొట్టుకుపోతుంది, పది రోజులకోసారి 2000 దాకా దిగి కొలుస్తూ పైకొస్తుంది. ఇరిడియం ఉపగ్రహాల ద్వారా డేటా పంపే ఫ్లోట్ పైన ఉండేది కాసేపే. దాని స్థానాల తేడా లోతు ప్రవాహం చెబుతుంది, ఉపరితలం కాదు. ఉష్ణోగ్రత, లవణీయత ప్రొఫైళ్లు వాడుకో. భారత ఫ్లోట్లవి ఇన్‌కాయిస్‌లోనే (భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం) దొరుకుతాయి, మీ ఊళ్లోనే అది ఉన్న ప్రగతి నగర్ ఎంత దూరమని!

ప్రశ్న అడిగినవారు:
డ్రోగ్ లేనివి తీసేస్తే కొన్ని గళ్లు ఖాళీ అవుతున్నాయి అన్నా.

జవాబు 1:
అయితే పారేయకు. డ్రోగ్ ఉన్నవీ లేనివీ రెండూ ఉన్న గళ్లలో వేగాల తేడాను గాలితో రిగ్రెస్ చేసి (గాలిని బట్టి తేడా ఎంత చొప్పున పెరుగుతుందో గీత అమర్చి) గుణకం తెచ్చుకో, ఖాళీ గళ్లలో డ్రోగ్ లేనివాటి వేగంలోంచి ఆ మేరకు తీసేయ్. తీరం పక్క గళ్లకు మాత్రం ఇది వాడకు. అక్కడ రెండు డ్రిఫ్టర్లు ఒకే గడిలో ఉన్నా ఒకే ప్రవాహంలో ఉండవు.