విశాఖ ట్రాఫిక్‌లో స్ట్రాంగ్ హైబ్రిడ్: అదనంగా పెట్టే డబ్బు తిరిగొస్తుందా?

ఎంవీపీవాసి: ఎంవీపీ కాలనీ నుంచి ఎన్‌ఏడీ మీదుగా గాజువాక ఆఫీసు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతాను. ఒకే మోడల్‌లో పెట్రోలు మాన్యువల్‌కీ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కీ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బండిని నడిపే మోటారు, దానికి పెద్ద బ్యాటరీ ఉన్నది) ఆన్‌రోడ్ తేడా రెండున్నర లక్షలు చెప్తున్నారు. పదేళ్లు ఉంచుకుంటే గిట్టుబాటేనా అండీ? బ్యాటరీ పోతే?

లెక్కలమాస్టారు: మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కి కంపెనీ చెప్పే 27.97 మైలేజీని లెక్కలోకి తీసుకోకండి. సిటీలో హైబ్రిడ్ 22, పెట్రోలు 14, లీటరు 108 రూపాయలు అనుకుందాం. 12,000 కిలోమీటర్లకు 545 లీటర్లు, 857 లీటర్లు. అంటే ఏడాదికి 312 లీటర్లు, సుమారు 33,700 రూపాయలు మిగులు. రెండున్నర లక్షలు రాబట్టడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. 20,000 తిరిగితే నాలుగున్నరేళ్లే.

అదే తిరుగుడంతా హైవే మీదైతే పెట్రోలు బండీ 18 ఇస్తుంది, హైబ్రిడ్ అదే 22 అనుకుందాం. అప్పుడు మిగిలేది ఏడాదికి 13,000. అలాంటివాళ్లు హైబ్రిడ్ జోలికి వెళ్లొద్దు. ఇంకోటి, హైబ్రిడ్‌లో క్లచ్ ఉండదు కాబట్టి పోల్చాల్సింది ఆటోమేటిక్‌తో. అలా చూస్తే ధర తేడా బాగా తగ్గుతుంది.

ఉప్పుగాలి: బ్యాటరీకి టయోటా, మారుతి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. భయం అక్కర్లేదు గానీ వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి పీల్చే జాలీ ఉంటుంది, దానికి బ్యాగులు అడ్డం పెట్టొద్దు. బీచ్ ఇసుక, దుమ్ము చేరి ఫిల్టర్ మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది. సిస్టమ్ కరెంటు తగ్గించేసి ఇంజిన్‌ని ఎక్కువసేపు తిప్పుతుంది, మైలేజీ పడిపోతుంది. ప్రతి సర్వీసులో శుభ్రం చేయించండి.

మన ఊళ్లో అసలు తలనొప్పి బ్రేకులు. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి ప్యాడ్లు అరగవు. కానీ వాడకం లేక సముద్రపు గాలికి డిస్కులు తుప్పు పడతాయి, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుంటాయి. ఏడాదికోసారి విప్పించి, పిన్నులకు సిలికాన్ గ్రీజు పెట్టించండి. ప్యాడ్లు బాగున్నాయి కదా అని మెకానిక్ వదిలేస్తాడు, మీరే గట్టిగా అడగాలి.

ఎంవీపీవాసి: ఒక్కోసారి రెండు మూడు వారాలు బండి తీయను. ఇబ్బందా?

ఉప్పుగాలి: పెద్ద బ్యాటరీకి కాదు, 12 వోల్టుల చిన్నదానికి. అది దిగిపోతే బండి అసలు స్టార్ట్ కాదు. వారానికోసారి డ్యాష్‌బోర్డులో రెడీ లైటు (బండి కదలడానికి సిద్ధం అని చెప్పేది) వెలిగేలా ఆన్ చేసి అరగంట ఉంచండి. కీ ఆన్‌లో పాటలు వింటూ కూర్చుంటే మాత్రం ఛార్జ్ ఎక్కదు, ఇంకా దిగుతుంది.