డిస్ట్ అంటే దూరమా, జిల్లానా?

కోడ్_కష్టాలు:
చిన్న డెలివరీ కంపెనీలో పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాస్తుంటాను. మొన్న ఊళ్లోనే 4 కిలోమీటర్లు వెళ్లే పార్సెల్‌కి 17 కిలోమీటర్ల చార్జీ పడింది. కస్టమర్ ఫోన్ చేసి కడిగేశాడు. సాయంత్రం దాకా వెతికితే తేలిందేమిటంటే, కోడ్‌లో 'డిస్ట్' అనే పేరుకి ఒక ఫైల్లో అర్థం దూరం (డిస్టెన్స్), ఇంకో ఫైల్లో జిల్లా (డిస్ట్రిక్ట్). మా టేబుల్లో ఆ పార్సెల్ జిల్లా నంబరు 17. రెండూ అంకెలే కాబట్టి ప్రోగ్రామ్ కిక్కురుమనలేదు. సిగ్గుచేటు ఏంటంటే, ఆ రెండో ఫైలు ఆర్నెల్ల కింద రాసింది నేనే.

ఇకమీదట పూర్తి పేర్లే రాద్దామన్నాను. "లైను స్క్రీన్ దాటిపోతుంది, ఎవడు చదువుతాడు" అంటున్నారు మా సీనియర్. మీ దగ్గర ఎలా చేస్తారు?

పాత_సీ_మనిషి:
మీ సీనియర్‌ని తిట్టుకోకండి, ఆ అలవాటు వెనక కథ ఉంది. 1989 నాటి సీ ప్రోగ్రామింగ్ భాష ప్రమాణం ప్రకారం, ఫైళ్ల మధ్య పంచుకునే పేర్లలో మొదటి 6 అక్షరాలు వేరుగా ఉన్నాయో లేదో చూస్తే చాలు. 1999లో అది 31కి పెరిగింది. అప్పటికే మా వేళ్లకు పొట్టిపేర్లు అలవాటైపోయాయి. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు సృష్టించే 'క్రియేట్' కాల్‌కి ఇప్పటికీ ఇంగ్లీషు స్పెల్లింగ్ చివర్లో 'ఈ' ఉండదు. యూనిక్స్‌ని మళ్లీ రాస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ 'ఈ' పెడతానన్నారట దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకరైన కెన్ థాంప్సన్.

రివ్యూ_రాణి:
పెళ్లి పత్రికలో 'చి.ల.సౌ.' చూసి అర్థమేంటని ఎవరూ అడగరు. ఐడీ, యూఆర్ఎల్ అలాంటివే, వాటిని విడదీసి రాస్తే నవ్వుతారు. రెండు లైన్ల లూప్‌లో (అదే పని మళ్లీ మళ్లీ చేసే కోడ్‌లో) 'ఐ' అనే పేరు కూడా చాలు. నాలుగు ఫైళ్లు తిరిగే పేరుకి మాత్రం పొట్టిపేరు పెట్టనివ్వను. 'టెంప్' అని ఉంటే ఉష్ణోగ్రతా, తాత్కాలికమా? 'రెస్' అంటే రిజల్టా, రెస్పాన్సా? వేరేవాళ్ల కోడ్ రివ్యూ చేసేటప్పుడు ఈ మాట అడిగీ అడిగీ విసుగొచ్చేసింది. మీదైతే 'డిస్టెన్స్_కేఎం' అని పెట్టండి, మీటర్ల గొడవ కూడా తీరుతుంది. కేఎం కూడా పొట్టిపేరే కదా అనకండి, రోడ్డు పక్క రాయి మీదా అదే ఉంటుంది. పొడుగు పేరు టైప్ చేసే బాధ కోడ్ రాసే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ది, మీది కాదు.

కోడ్_కష్టాలు:
ఇద్దరికీ థ్యాంక్స్. సీనియర్‌కి ఆ 17 బిల్లు చూపించాక ఇంకేం అనలేదు. ఇవాళ 'డిస్ట్' కోసం వెతికితే 43 చోట్ల తగిలింది. ఒకచోట డిస్ట్రిబ్యూటర్ అట.