‘స్వాతంత్ర్యం కోసం’ రెఫరెండమా, ‘స్వాతంత్ర్యంపై’ రెఫరెండమా?

ప్రశ్న: బ్రిటన్ నుంచి స్కాట్లాండ్ విడిపోవాలా వద్దా అనే ఓటింగ్ (రెఫరెండం) వార్తల్లో దాన్ని ‘స్వాతంత్ర్యం కోసం ప్రజాభిప్రాయ సేకరణ’ అని రాస్తున్నారు. సరైనదేనా?

జవాబు 1: ‘కోసం’ వద్దండీ, ‘పై’ అనండి. ‘కోసం’ అంటే ఫలితం ముందే తేల్చేసినట్టు. 2014 సెప్టెంబర్ 18న 55.3 శాతం ‘వద్దు’ అని వేసిందీ ఆ రెఫరెండంలోనే కదా.

అంతకన్నా పెద్ద తప్పు పార్టీల వైఖరి దగ్గర దొర్లుతుంది. ‘రెఫరెండాన్ని వ్యతిరేకించారు’, ‘స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించారు’ ఒకటి కావు. 2012 అక్టోబర్‌లో ఈ ఓటింగ్ జరపడానికి స్కాట్లాండ్ ప్రభుత్వంతో కుదిరిన ఎడిన్‌బరో ఒప్పందంపై సంతకం చేసిన అప్పటి బ్రిటన్ ప్రధాని కామెరాన్ కన్సర్వేటివ్ పార్టీ నేత. ఓటింగ్‌కు ఒప్పుకున్నారు, విడిపోవద్దని ప్రచారం చేశారు. లేబర్, లిబరల్ డెమోక్రాట్లు కూడా ‘బెటర్ టుగెదర్’ (కలిసుంటేనే మేలు) ప్రచారంలో ఆయన పక్షమే. ఆ తర్వాత ఈ మూడు పార్టీలూ రెండో ఓటింగే వద్దన్నాయి. స్వాతంత్ర్యం కోరే ఎస్‌ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ), స్కాటిష్ గ్రీన్స్ పార్టీల విషయంలో ఈ చిక్కు లేదు, వాళ్లకు రెండూ కావాలి.

జవాబు 2: ‘ప్రజాభిప్రాయ సేకరణ’తోనూ తంటానే. మన దగ్గర గనికో సిమెంటు ఫ్యాక్టరీకో పర్యావరణ అనుమతి ఇచ్చేముందు పెట్టే సభ పేరూ అదే. అక్కడ మైకులో మాట్లాడతారు, అర్జీ ఇస్తారు, ఓటు మాత్రం ఉండదు. ‘జనవాక్య సేకరణ’ అందామంటే ‘జనవాక్యంతు కర్తవ్యం’ గుర్తొచ్చి, పాటించి తీరాలన్న ధ్వని వస్తుంది. హాయిగా ‘రెఫరెండం’ అనేయడమే మేలు.

జవాబు 3: ఆ మాటకూ మన నాయకులు వేరే అర్థం అంటగట్టారు: ‘ఈ ఉప ఎన్నిక మా పాలనకు రెఫరెండం’. అక్కడా అలాంటిదే జరిగింది. లండన్ అనుమతి లేకుండా రెఫరెండం చట్టం చేసే అధికారం స్కాటిష్ పార్లమెంటుకు లేదని 2022 నవంబర్ 23న బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పాక, వచ్చే సాధారణ ఎన్నికనే ‘డీ ఫ్యాక్టో’ రెఫరెండంగా తీసుకుంటామని అప్పటి స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత, ఎస్‌ఎన్‌పీ నాయకురాలు స్టర్జన్ అన్నారు. దాన్ని ‘వాస్తవ రెఫరెండం’ అని రాస్తే అర్థం తిరగబడుతుంది. ‘రెఫరెండం లెక్కన చూసే ఎన్నిక’ అనాలి.

ప్రశ్న: మరి 2014 బ్యాలెట్‌లోని ప్రశ్నను తెలుగులో ఎలా రాయాలి?

జవాబు 1: మొదటి ముసాయిదాలో ‘అంగీకరిస్తారా’ అని ఉండేది. ఓటరును ‘అవును’ వైపు తోస్తుందని ఎన్నికల సంఘం సలహా మీద తీసేశారు. తెలుగులో ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?’ చాలు. ‘ఉండాలా’ అంటే ఇప్పటికే స్వతంత్రమైనట్టుంది. ముందు ‘మీకు’ మాత్రం చేర్చకండి, ‘కావాలా’ కాస్తా కోరికను అడిగినట్టు మారిపోతుంది.