సమస్యాపూరణం: "నీరు పోయకుండ నిలిచె మొక్క"

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇది; ముందు మూడు పాదాలు మీరు అల్లాలి. ఐదూ సూర్యగణాలే (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు). నీ–ని యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు. కరువుకు ఎండి ఇప్పుడు తేరుకుంటున్న పెరడే విషయం. వాన పడింది కనుక పోయలేదని ఊరుకుంటే పూరణ కాదు. పెరట్లో చేసే పని పద్యంలో కనబడాలి.

బొబ్బిలి సభ్యురాలు:

మట్టి కుండ పాతి మట్టుగా మెడదాక
మూత పెట్టి నింప మూడు నాళ్ళు
వేళ్ళకూరు చెమ్మ వెలితిలే కందగ
నీరు పోయకుండ నిలిచె మొక్క

ఆమదాలవలస సభ్యుడు: గణాలు, యతి సరిపోయాయమ్మా. కానీ మూత పెట్టాక నింపడం ఎలా? రెండో పాదం "నింపి మూత వేయ నెమ్మదిగను" అంటే వరుస కుదురుతుంది, ని–నె యతీ చెల్లుతుంది. కుండకు రంగు వేయకూడదు, వేస్తే చెమ్మ ఊరదు. మెడ నేలకు రెండు వేళ్ళ ఎత్తున పైకి ఉంటే మట్టి లోపల పడదు. మూత తప్పనిసరి, లేదంటే దోమలు గుడ్లు పెడతాయి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆ ఉప్పు కుండ రంధ్రాల్లో పేరుకుని ఊట తగ్గుతుంది; అప్పుడు పైకి తీసి కొబ్బరిపీచుతో రుద్దాలి.

బొబ్బిలి సభ్యురాలు: సవరణ తీసుకున్నానండీ. అసలు "నీరు పోయ, కుండ" అని విరిచి కుండను నాలుగో పాదంలోనే చూపిద్దామనుకున్నాను.

నిర్వాహకుడు: ఆ విరుపు చెవికి బాగుంది కానీ వ్యాకరణం ఒప్పదమ్మా. పోయన్ + కుండ, చివరి నకారం (ద్రుతం) మీద క కాస్తా గ అయి (సరళాదేశం) "పోయఁ గుండ" అవుతుంది. మీరు పంపిన పూరణే మేలు.

సోంపేట సభ్యుడు:

ఎండు గడ్డి పరచి యెండ సోకక యుండఁ
దేమ నేల విడక తీరుగాను
వార మొకటి దాట వాడక పచ్చగ
నీరు పోయకుండ నిలిచె మొక్క

ఆమదాలవలస సభ్యుడు: ధార బాగుందండీ, యుండఁ–దేమ సంధి కూడా చక్కగా కుదిరింది. మూడో పాదం మాత్రం మీ నేలకే పొసగదు. సోంపేట, కవిటి వైపు ఇసుక నేల, నీరు నిలవదు. ఎర్రనేలలో వారం ఆగినా ఆగుతుంది. "నాల్గు నాళ్ళు దాట నలగక పచ్చగ" అనండి. గడ్డి నాలుగు వేళ్ళ మందం చాలు, మొదలుకు బెత్తెడు దూరంలో ఆపాలి. కాండానికి ఆనిస్తే తడికి మొదలు కుళ్ళుతుంది. పొడిగడ్డికి చెదలు పడతాయి కనుక కింద గుప్పెడు వేపపిండి చల్లాలి.

సోంపేట సభ్యుడు: ఒప్పుకుంటున్నాను. మరొకటి పంపుతున్నాను.

గోటఁ గీరి చూడ గోచరించెఁ బసరు
ఎండు కొమ్మలన్ని యేరి కోయఁ
దొలకరి చినుకులకె తొడిగెను జిగురాకు
నీరు పోయకుండ నిలిచె మొక్క

నిర్వాహకుడు: ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ! తొలకరి వచ్చినా పని మొదటి రెండు పాదాల్లోనే ఉంది. బెరడు గీరితే లోపల పచ్చగా కనబడితే కొమ్మ బతికున్నట్టు, గోధుమరంగు పొడిగా ఉంటే పోయినట్టు. కొననుంచి కిందికి గీరుకుంటూ వచ్చి, పసరు తగిలిన చోట కణుపుకు అర అంగుళం పైన ఏటవాలుగా కోయాలి. ములగకూ కరివేపకూ ఇదే పద్ధతి.

బొబ్బిలి సభ్యురాలు: చిగురు చూడగానే యూరియా వేయవచ్చా?

ఆమదాలవలస సభ్యుడు: వద్దమ్మా. కరువులో నీరు పీల్చే సన్నని నూగువేళ్ళు చచ్చి ఉంటాయి. ఎరువు ఉప్పు మిగిలిన వేళ్ళలోని నీటిని కూడా లాగేస్తుంది, లేతాకు అంచులు మాడతాయి. ఆకు ముదిరి ముదురు పచ్చకు తిరిగేదాకా ఆగి, పాదుకు రెండు దోసిళ్ళు మాగిన గత్తం (పేడ ఎరువు) వేయండి. పాదు పైమట్టి గట్టిపడి ఉంటే ముందు అంగుళం లోతు గుల్ల చేసి, చెంబుడు నీళ్ళు పోసి, అది ఇంకాకే మళ్ళీ చెంబుడు పోయాలి. బిందె ఒక్కసారి కుమ్మరిస్తే పక్కకు పారిపోతుంది, కింద వేరు పొడిగానే ఉంటుంది.